విత్తనంపై హక్కు, నేలపై బాధ్యత
వరంగల్ పత్తి చరిత్ర: ఒక పరిశీలన

పత్తి ఏరే కాలంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు వెళ్ళినవారికి ఎటు చూసినా తెల్లని గుట్టలే కనిపిస్తాయి. ఆ పత్తి రైతుది. కాటా మీద తూగేదాకా దానికి మరొక యజమాని లేడు. అయితే ఆ పత్తిని ఇచ్చిన విత్తనం ఎవరిది? మన తాతల కాలంలో ఈ ప్రశ్న అడిగితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇంటిలో దాచుకున్న విత్తనం ఇంటివారిది; పొరుగువాడు అడిగితే కొలిచి ఇచ్చేది. కాని 2002వ సంవత్సరం తరువాత ఇదే ప్రశ్న పత్తి చేల నుండి బయలుదేరి రాష్ట్ర ప్రభుత్వం, గుత్తాధిపత్య నిరోధక కమిషన్, ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టుల వరకు ప్రయాణించింది.

కొత్త విషయాన్ని కనుగొన్నవారికి కొంతకాలం దానిపై ప్రత్యేకాధికారం ఇవ్వడాన్ని నేటి పరిభాషలో మేధోసంపద హక్కు అంటున్నారు. ఆ హక్కు లేనిదే ఎవరూ శ్రమపడి, డబ్బు వెచ్చించి కొత్తవి కనిపెట్టరని ఒక వాదం. ఆ హక్కు వల్లనే పేదవానికి విజ్ఞానం అందకుండా పోతున్నదని మరొక వాదం. ఈ రెండింటి మధ్య ఒక మూడవ ప్రశ్న సాధారణంగా మరుగున పడుతున్నది. విజ్ఞానాన్ని ఏ షరతులతో అమ్ముతారో ఆ షరతులు నేలను, నీటిని, చేనిలోని జీవరాశిని ఏమి చేస్తాయి? దీనికి సమాధానం వెతకడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. వరంగల్ జిల్లా అర్ధశతాబ్దపు అనుభవమే చాలు.

పాత పత్తి, పాత విద్య

అరబీ భాషలోని ‘ఖుత్న్’ అనే పదం నుండే ఐరోపా భాషలలో పత్తికి పేరు వచ్చింది. పేరుతోపాటు పంట కూడా ముస్లిం ప్రపంచం గుండానే మధ్యధరా సముద్ర తీరాలకు చేరింది. పదకొండవ శతాబ్దంలో తులైతులా (టోలెడో) నగరానికి చెందిన ఇబ్ను బస్సాల్, పన్నెండవ శతాబ్దంలో ఇష్బీలియా (సెవిల్) వాసి ఇబ్నుల్ అవ్వామ్ వ్యవసాయంపై పెద్ద గ్రంథాలు రచించారు. తాను స్వయంగా పరీక్షించి చూడనిదానిని తన మాటగా చెప్పనని ఇబ్నుల్ అవ్వామ్ నియమం పెట్టుకున్నాడు. పొలంలో పరీక్షించడం, పరీక్షించినదానిని నలుగురికీ తెలియజేయడం ఆ విద్యకు రెండు కాళ్ళవంటివి.

మన దక్కనులోనూ పత్తి సేద్యం చాలాకాలం ఆ రెండు కాళ్ళ మీదనే నడిచింది. వర్షాధారంగా పండే దేశవాళీ పత్తి ఇక్కడి నేలకు, ఇక్కడి పురుగులకు అలవాటు పడినది. నిజాము రాష్ట్ర వ్యవసాయ శాఖ ‘గావురాణి’ అనే దేశవాళీ పత్తిలో మేలైన రకాలను ఎంపిక చేసి అభివృద్ధి పరచింది. అవి సూటి రకాలు కనుక రైతు తన పంట నుండే విత్తనం తీసి మరుసటి ఏడు విత్తుకోగలిగేవాడు. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు స్థాపించబడిన నాటికి పత్తికి ఉన్న స్థితి ఇది. ఆ కాలమంతా స్వర్ణయుగమని చెప్పడం మన ఉద్దేశం కాదు. దిగుబడులు తక్కువ, దేశవాళీ పత్తికి పింజ పొట్టి. కాని ఏ విత్తనం ఏ నేలకు పనికివస్తుందో తెలిసినవాడు రైతే.

1970: రెండు సంఘటనలు

1970వ సంవత్సరంలో రెండు సంఘటనలు జరిగాయి. ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపించినా, ముప్పై ఏళ్ళ తరువాత అవి వరంగల్ పొలాలలో కలుసుకున్నాయి.

మొదటిది, భారత పార్లమెంటు కొత్త పేటెంటు చట్టాన్ని చేసింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక దీనికి ఆధారం. 1911 నాటి వలస చట్టం విదేశీ కంపెనీల గుత్తాధిపత్యానికే తోడ్పడిందని గుర్తించి, ఆహార పదార్థాలపైన, ఔషధాలపైన వస్తు పేటెంట్లు లేకుండా చేశారు. వ్యవసాయ పద్ధతులను పేటెంటు పరిధి నుండి తప్పించారు.

రెండవది, సూరత్ పరిశోధనా కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ ‘హెచ్-4’ అనే హైబ్రిడ్ పత్తిని విడుదల చేశారు. వాణిజ్యపరంగా సాగుచేసిన హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో ఇదే మొదటిది. ఇది ప్రభుత్వ రంగంలో పుట్టిన ఆవిష్కరణ, దీనిపై పేటెంటు లేదు. కాని హైబ్రిడ్ స్వభావంలోనే ఒక తాళం ఉంది. దాని గింజలను దాచి మరుసటి ఏడు విత్తితే మొక్కలు ఒకే తీరుగా రావు, సత్తువ తగ్గుతుంది. కనుక రైతు ఏటేటా విత్తనం కొనవలసిందే. చట్టం వేయని తాళాన్ని మొక్కే వేసుకున్నదన్నమాట.

హైబ్రిడ్ పత్తి దిగుబడిని పెంచింది. దానితోపాటు ఎరువుల, పురుగుమందుల అవసరాన్నీ పెంచింది. కోస్తా జిల్లాల నుండి వలస వచ్చిన రైతులను చూసి వరంగల్ రైతులు కూడా జొన్న, పప్పు పంటలు వదిలి పత్తివైపు మళ్ళారు. ఏ విత్తనం వేయాలో, ఏ మందు కొట్టాలో పురుగుమందుల దుకాణందారే చెప్పే రోజులు వచ్చాయి. అప్పు ఇచ్చేదీ అతడే, పంట కొనేదీ తరచు అతడే.

1997–98లో అకాల వర్షాలు కురిశాయి. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు చేలను తినివేశాయి. అనేకసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. మందులకు అది అప్పటికే తట్టుకోనేర్చింది. ఆ ఏడాది వరంగల్ జిల్లాలో అప్పులపాలైన పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. 1997–2002 మధ్య పురుగుమందు విషప్రభావంతో వరంగల్ ఆసుపత్రిలో చేరినవారు 8,040 మంది అనీ, వారిలో నూటికి 22 మందికి పైగా మరణించారనీ ఒక వైద్య పరిశోధన నమోదు చేసింది. వారిలో అత్యధికులు బతుకుపై ఆశ వదులుకున్నవారే. 2002 సంవత్సరపు వివరాలను చూస్తే మూడింట రెండువంతుల మంది ముప్పై ఏళ్ళలోపువారు. పర్యావరణ నాణ్యత అనే మాట కాగితం మీద చల్లగా ఉంటుంది. వరంగల్‌లో దాని అర్థం ఇది.

పేటెంటు లేని రాయల్టీ

ఈ నేపథ్యంలో బి.టి. పత్తి వచ్చింది. మట్టిలో నివసించే ఒక సూక్ష్మజీవి నుండి తీసిన జన్యువును పత్తిలో చేర్చితే, కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకుంటుంది. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వ కమిటీ మహికో-మాన్‌శాంటో వారి మూడు హైబ్రిడ్‌లకు అనుమతి ఇచ్చింది. వరంగల్‌లో అవి ఆశించిన ఫలితం ఇవ్వలేదని ఫిర్యాదులు వచ్చాయి. 2005 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటి అనుమతిని పొడిగించలేదు. ఆ తరువాత అదే జన్యువుతో ఇతర కంపెనీలు తయారుచేసిన హైబ్రిడ్‌లు వేగంగా వ్యాపించాయి.

ధర విషయానికి వస్తే, 450 గ్రాముల ప్యాకెట్టు 1,850 రూపాయల వరకు పలికింది. అందులో 1,250 రూపాయలు జన్యువు కోసం చెల్లించే రుసుము. పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ మొదటి బి.టి. జన్యువుపై మన దేశంలో పేటెంటే లేదు! మరి రుసుము ఏ బలంతో వసూలైంది? జన్యువును ఇచ్చేటప్పుడు విత్తన కంపెనీలతో చేసుకున్న లైసెన్సు ఒప్పందాల బలంతో; ప్రభుత్వ అనుమతి పొందిన జన్యువు అప్పటికి అదొక్కటే కావడం వల్ల; అన్నిటినీ మించి, ఆ జన్యువును హైబ్రిడ్‌లో పెట్టి అమ్మడం వల్ల. ఏటా కొనక తప్పని విత్తనానికి పేటెంటు అదనపు తాళం మాత్రమే.

2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించింది. మే నెలలో కమిషన్ ఆ రుసుము అధికమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. 2007లో విత్తన ధరల నియంత్రణకు చట్టమే తెచ్చింది.

ఈలోగా దేశ చట్టాలు కూడా మారాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందువల్ల మనం పేటెంటు చట్టాన్ని 1999, 2002, 2005లలో సవరించవలసి వచ్చింది. అయితే మొక్కలు, జంతువులు, విత్తనాలు పేటెంటుకు అర్హం కావనే నిబంధన చట్టంలో చేరింది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రకాన్ని సృష్టించినవానికి హక్కు ఇస్తూనే, విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకొనే హక్కు రైతుకు ఇచ్చింది. సృష్టికర్తకూ సేద్యగానికీ ఒకే చట్టంలో చోటు కల్పించడం ప్రపంచంలో అరుదు.

రెండవ తరం బి.టి. విషయంలో 2008లో పేటెంటు మంజూరైంది. హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌తో రుసుము వివాదం న్యాయస్థానానికి చేరింది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి పూర్తి విచారణ జరపమన్నది. అదే ఏడాది నవంబరులో పేటెంటు గడువే ముగిసింది. 2016లో ప్యాకెట్టుకు 49 రూపాయలకు దిగిన రుసుము 2020లో పూర్తిగా రద్దయింది.

చేనిలో జరిగినదేమిటి?

కోర్టులలో జరిగింది ఇది. చేనిలో జరిగినది ఏమిటో చూద్దాం. వరంగల్ గ్రామాలలో ఏళ్ళ తరబడి పరిశోధించిన అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ రెండు విషయాలు చెప్పాడు. బి.టి.కి ముందు, తరువాత పోల్చితే ఆయన చూసిన గ్రామాలలో దిగుబడి 18 శాతం పెరిగింది, పురుగుమందు కొట్టడం 55 శాతం తగ్గింది. ఇది మేలు కాదని ఎవరూ అనలేరు. అయితే 2007లో ప్రచురించిన మరొక వ్యాసంలో ఆయన ఇంకొక సంగతి చూపాడు. రైతులు విత్తనాన్ని పరీక్షించి ఎంచుకోవడం లేదు. పొరుగువాడు ఏది కొంటే అది కొంటున్నారు. ఏటా కొత్త పేర్లతో విత్తనాలు వస్తుంటే ఒకదాని గుణం తెలిసేలోగా అది దుకాణం నుండే మాయమవుతున్నది. ఇబ్నుల్ అవ్వామ్ చెప్పిన ‘పరీక్షించి తెలుసుకొనే’ విద్య చేనిలో నశిస్తున్నదన్నమాట. విత్తనం సంచిలో వచ్చింది. దానిని గూర్చిన జ్ఞానం మాత్రం సంచితో రాలేదు.

దీని ఫలితం త్వరలోనే కనిపించింది. బి.టి. విషానికి పురుగు అలవాటు పడకుండా ఉండాలంటే చేను చుట్టూ కొన్ని వరుసలు బి.టి. కాని పత్తి వేయాలి. అందుకని ప్రతి ప్యాకెట్టుతో 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. ఎందుకు వేయాలో నచ్చజెప్పినవారు లేక చాలామంది రైతులు దానిని విత్తలేదు. 2010లో గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి జన్యువును తట్టుకున్నదని కంపెనీయే ప్రకటించింది. మరికొన్నేళ్ళలో రెండవ తరం కూడా లొంగిపోయింది. తెలంగాణ చేలలోనూ గుడ్డికాయలు, గులాబీ పురుగు మళ్ళీ కనిపించాయి. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థకు సంచాలకులుగా పనిచేసిన క్రాంతి, స్టోన్‌తో కలిసి 2020లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 2018 నాటికి మన పత్తి రైతు పురుగుమందులపై చేసే ఖర్చు బి.టి.కి ముందున్న ఖర్చును మించిపోయింది.

చైనా అనుభవాన్ని దీనితో పోల్చడం ఉపయోగకరం. అక్కడి యాంగ్‌ట్సీ నదీలోయలో బి.టి., మామూలు పత్తుల సంకరం నుండి వచ్చిన రెండవ తరం గింజలను విత్తారు. అందులో సహజంగానే నాలుగవ వంతు మొక్కలు బి.టి. లేనివి. గులాబీ పురుగులో అప్పటికే పెరుగుతున్న నిరోధకశక్తి దానితో వెనక్కు తగ్గిందని 2017లో శాస్త్రవేత్తలు నిరూపించారు. మన దేశంలో ఏటా కొనే విత్తనమే రాజ్యమేలింది కనుక ఆ మార్గం తెరుచుకోలేదు. ప్రభుత్వ రంగం 2008లో ‘బికనేరీ నర్మ బి.టి.’ అనే సూటి రకాన్ని తెచ్చినా, అందులో కంపెనీ జన్యువే ఉన్నదని తేలడంతో వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

న్యాయం కోసం రెండవ పక్షమూ చెప్పాలి. 2016లో ధరల వివాదం కారణంగా కంపెనీ కలుపుమందును తట్టుకొనే తన తరువాతి తరం పత్తి దరఖాస్తును ఉపసంహరించుకుంది. కాని అటువంటి అనుమతి లేని విత్తనమే దొంగచాటుగా తెలంగాణతో సహా పలు రాష్ట్రాలకు చేరింది. దానితోపాటు గ్లైఫోసేట్ వాడకమూ పెరిగింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకంపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. హక్కు మితిమీరితే రైతు నష్టపోతాడు. నియమమే లేకపోతే రైతుతోపాటు నేల కూడా నష్టపోతుంది.

‘ఆజాద్ దరఖ్త్’ సాక్ష్యం

వేపచెట్టు శాస్త్రీయనామంలోని మొదటి పదానికి మూలం ఫార్సీ మాట ‘ఆజాద్ దరఖ్త్’, అంటే స్వేచ్ఛగల వృక్షమని అర్థం. ఆ స్వేచ్ఛపైనే ఒక అమెరికా కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో ఐరోపా పేటెంటు పొందాయి. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి తమదని వాటి వాదం. ఇది భారతదేశంలో ముందునుండీ తెలిసినదేనని నిరూపణ కావడంతో 2000లో ఐరోపా పేటెంటు కార్యాలయం దానిని రద్దు చేసింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది.

ఆ రోజులలోనే మన పల్లెలలో వేప తన పని తాను చేసింది. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2003 నాటికి పురుగుమందులు మానివేసింది. నాటి వరంగల్ జిల్లాలోనిది, నేడు జనగామ జిల్లాలో ఉన్నది అయిన ఏనెబావి గ్రామం రసాయనాలు లేని సేద్యానికి పేరుపొందింది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఆముదం వంటి ఎర పంటలు, పక్షులు వాలడానికి చేనిలో కర్రలు. వీటిలో ఏదీ ఒకరి సొత్తు కాదు. కాని ఇవి పనిచేయాలంటే రైతు రోజూ చేను చూడాలి, పురుగును గుర్తుపట్టాలి, ఊరంతా కలిసి నడవాలి. ఇదీ నూతన కల్పనే. దీనిని అమ్మి రుసుము వసూలు చేసేవారు లేరు కనుక దీనికి ప్రచారం చేసేవారూ తక్కువ. మేధోసంపద విధానంలోని లోటు ఇక్కడ తేటతెల్లమవుతున్నది: సంచిలో పెట్టి అమ్మగల విజ్ఞానానికే అది బహుమతి ఇస్తుంది.

ఫిఖ్హ్ దృష్టిలో

కనుగొన్నవాని హక్కును గూర్చి మన ఉలమాలలో ఏకాభిప్రాయం ఒక్కసారిగా రాలేదు. అది చేతికి చిక్కని హక్కు, అమ్మదగిన సొత్తు కాదని ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి పెద్దలు భావించారు. వారి కుమారులు ముఫ్తీ తఖీ ఉస్మానీ అది విలువగల హక్కేనని అభిప్రాయపడ్డారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ రచనలు, ఆవిష్కరణలు, వ్యాపారనామాలపై హక్కులను షరీఅత్ గుర్తిస్తుందని తీర్మానించింది. కనుక శ్రమించినవానికి ప్రతిఫలం వద్దనే వాదం మనది కాదు.

కాని హక్కుతోపాటు హద్దులు కూడా ఉన్నాయి. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి అని హదీసు తెలుపుతున్నది. తెలిసిన విద్యను అడిగినా దాచేవానికి కఠిన హెచ్చరిక ఉంది. ఆబోతును ఆవులపై దాటించినందుకు కిరాయి తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు సహీహ్ బుఖారీలో ఉల్లేఖన ఉంది. ఫలితం అనిశ్చితమైనదానికి, అప్పగించడం అమ్మేవాని చేతిలో లేనిదానికి వెల కట్టరాదని అధిక సంఖ్యాక ఫుకహా దీనికి కారణం చెప్పారు. మాలికీలు మాత్రం నిర్ణీత షరతులతో అనుమతించారు. మొక్క సంతతిలో సాగిపోయే జన్యువుపై ఏటా వసూలు చేసే రుసుముకు ఈ చర్చ ఎంతవరకు వర్తిస్తుంది? ఇది మన మదరసాలలో, విశ్వవిద్యాలయాలలో తీరికగా పరిశీలించవలసిన మస్అలా. అన్నిటికీ మించి, ఎవరికీ హాని కలిగించరాదనే మూలసూత్రం ఉంది. పంటలను, జీవసంతతిని నాశనం చేయడాన్ని దివ్య ఖుర్‌ఆన్ (2:205) భూమిపై కల్లోలంగా పరిగణించింది.

ముగింపు

వరంగల్ అనుభవం నుండి మనకు తేలేది ఇది. పేటెంటు ఉన్నదా లేదా అన్నదానికన్నా, విత్తనాన్ని ఏ రూపంలో, ఏ ఒప్పందంతో, ఎంత బోధనతో రైతుకు ఇచ్చారన్నదే చేను ఆరోగ్యాన్ని నిర్ణయించింది. రుసుము తగ్గించినంత మాత్రాన పురుగు లొంగలేదు. సూటి రకాలపై ప్రభుత్వ పరిశోధన సాగి ఉంటే, రైతుకు విత్తనంతోపాటు విద్య కూడా అంది ఉంటే, ఆ జన్యువు మరెన్నో ఏళ్ళు పనిచేసి ఉండేది. కంపెనీ కూడా నష్టపోయేది కాదు.

హక్కుల చట్టం ఎప్పుడూ రైతుకు, చేతివృత్తివారికి వ్యతిరేకమని అనుకోనవసరం లేదు. తరతరాలుగా నేతగాళ్ళ చేతులలో పెరిగిన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. రైతులు ఏటేటా విత్తనం దాచుకొని కాపాడిన వరంగల్ చపాట మిరపకు 2025లో అదే గుర్తింపు వచ్చింది. ఇక్కడ హక్కు ఒక వ్యక్తిది కాదు, ఒక ప్రాంతపు జనసమూహానిది. విత్తనం ఇంటి గాదెలోనే ఉన్నది.

అదే వరంగల్ నేల, ఒకవైపు పత్తి, మరొకవైపు మిరప. ఒకదాని విత్తనం దుకాణంలో, మరొకదాని విత్తనం ఇంట్లో. రాబోయే తరానికి మనం ఏ విత్తనాన్ని, ఏ విద్యతో కలిపి అప్పగిస్తామన్నది శాసనకర్తలు ఒక్కరే తేల్చేది కాదు. పొలమున్నవారు, విద్య ఉన్నవారు, ధర్మం తెలిసినవారు కలిసి ఆలోచించవలసిన బాధ్యత ఇది. నేల మనకు అమానతు. అమానతు గూర్చి ప్రశ్నింపబడే రోజు ఒకటి ఉన్నది.